ఎడమ కాలు

దించింది నేనే.
వంచిందీ నేనే.
యార్క్‌టన్‌కి ఉత్తరాన, ఒరెస్ట్ గడ్డి రన్‌వే మీద
మొదటి రెండు గెంతులూ గడ్డి ఓర్చుకుంది.
మూడోదానికి నేల నోరు తెరిచింది.
బ్యాడ్జర్ తవ్విన బొరియ,
జానెడు వెడల్పు, మోచేతి లోతు.
పదకొండేళ్లు ఆయన ఒక్కడే కట్టుకున్న విమానం
ఎడమ మోకాలి మీద కూలబడి
అలిగిన మేకలా రెక్క నేలకానించింది.

ఆయన నడిచే వచ్చాడు, పరిగెత్తలేదు.
ముందు ప్రొపెల్లర్‌ని తడిమాడు,
ఆ తర్వాత నన్ను చూశాడు.
"పళ్లున్నాయా, యార్కా?"
ఉన్నాయి.
"అయితే రంపం తే."

పక్క పొలం హల్యా, ఆమె ఇద్దరు కొడుకులూ
రెక్కల కింద భుజాలు పెట్టి
పాడె మోసినట్టు మాటల్లేకుండా షెడ్డుకి మోశారు.
"ఏదో ఒకటి వాగండర్రా," అన్నాడు ఒరెస్ట్,
"ఇది బతికే ఉంది."

వేడి చేసి వంపు తీద్దామన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
ఒకసారి మడిచిన కాగితం
ఎంత చాపినా ఆ గీత దగ్గరే మళ్లీ లొంగుతుంది.
మానై వంగింది మళ్లీ మొక్క కాదు.

నేల మీద సుద్ద గీతలు. పొట్ట నుంచి గుండునూలు.
బోల్టు నుంచి ఇరుసుకి టేపు పట్టి
కుడికాలిని చూసి ఎడమకాలు రాసుకున్నాం,
పక్కవాడి పలక చూసి రాసే పిల్లల్లా.

తొమ్మిదో రాత్రి ట్యూబు తెగింది.
దీపం కింద ఒంపాడు.
అరచేతిలో ఇటుకపొడి లాంటి తుప్పు,
చిటికెడు కాదు, గుప్పెడు.
బయట పసుపు రంగు చెక్కుచెదరలేదు,
లోపల ఇనుము ఉల్లిపొరంత మిగిలింది.

ట్యూబు మూసేముందు
కాచిన అవిసె నూనె లోపల పోసి
అటూ ఇటూ తిప్పి, వంచేసి, అప్పుడు బెజ్జం మూయాలి.
నాకు నేర్పింది ఆయనే.
"కుడికాలికి పోశాను," అన్నాడు. "అది గుర్తుంది.
ఎడమది మూసిన వారం
జెనోవియా సస్కటూన్ ఆస్పత్రిలో ఉంది."
అంతే అన్నాడు. చెయ్యి దులుపుకున్నాడు.

తొమ్మిది రాత్రులు ఆ బొరియని నా కడుపులోనే మోశాను.
పంచుకుంటే తప్పు సగమవుతుందంటారు.
అవలేదు.
ఇద్దరి దగ్గరా మొత్తంగానే ఉంది.

కొత్త ట్యూబు అంచు చేపనోటిలా కోసి
లోపల ఇంకో చిన్న ట్యూబు దూర్చి
మంట నా చేతికిచ్చాడు.
ఆయన వేళ్లు వణుకుతాయి.
ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.
రెండు అంచులూ ఎర్రబడి, తెల్లబడి
తేనెలా ఒకదాన్నొకటి తాకినప్పుడు
ఆయన ఊపిరి బిగబట్టడం వినిపించింది.
చల్లగాలి తగిలితే అతుకు పక్కన బీటలిస్తుందని
తలుపు మూసి, గంటసేపు
చక్కెర లేని టీతో కాపలా కాశాం.

తర్వాత నూనె.
కిటికీ అవతల జూలై అవిసె చేను నీలంగా ఊగుతోంది.
డబ్బాలో ఏ ఏటి గింజో, వేడెక్కి చేపల వాసన వేస్తోంది.
ఆయనో చివర, నేనో చివర పట్టుకుని
పాలు తాగిన పసిపిల్లని తిప్పినట్టు తిప్పాం.
ఆఖరి చుక్క దాకా ఆగాం.
లాగ్‌బుక్కులో ఆయన పెన్సిలుతో రాశాడు:
ఎడమకాలికి నూనె పోశాం.
కింద ఒక గీత గీశాడు.
కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ ఇంకోటి.

గొలుసు వదిలి దించినప్పుడు
కొత్త బంగీ తాళ్లు కిర్రుమన్నాయి, రెండు చక్రాలూ ఆనాయి.
రసమట్టంలో బుడగ
గీతకి నూలుపోగంత అవతల ఆగింది.
"నేల వంకర," అన్నాడు.
నేల వంకరే.

పొద్దున్నే ఆ బొరియలో
రెండు బండ్ల కంకర పోసి దిమ్మిస కొట్టి
నడుం పట్టుకుని నిలబడ్డాం.
పది అడుగుల అవతల, మంచులో,
ఇంకా తడారని కొత్త మట్టికుప్ప.